యజమాని లేని గోల్‌పోస్టు

మా బస్సు కండక్టరమ్మకి ఒక సిద్ధాంతం ఉండేది. టికెట్ తీసుకున్నవాడు ఎటైనా చూస్తాడు, పక్కవాడి పేపరు చదువుతాడు, నోరు తెరుచుకుని నిద్రపోతాడు. తీసుకోనివాడు మాత్రం కిటికీలోంచి బయటికే చూస్తాడు. వాడికి ఉన్నట్టుండి ప్రకృతి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొస్తుంది.

"ఏం సార్, చెట్లు బాగున్నాయా? టికెట్ తీసుకుని చూస్తే ఇంకా పచ్చగా కనిపిస్తాయి," అనేది ఆవిడ. బస్సంతా నవ్వేది. ఆ మనిషి జేబులు తడుముకునేవాడు.

పదకొండేళ్లు అదే బస్సులో ఆఫీసుకి వెళ్లాను కాబట్టి ఆవిడ ఇంటి సంగతులు నాకు మా ఇంటి సంగతులకంటే బాగా తెలుసు. భర్త వెల్డరు. రోజుకి పది మాటలు మాట్లాడితే అందులో ఆరు 'ఊఁ'లే. ఆ లోటు అత్తగారు ఒక్కతే తీర్చేసేది. ఒక్కగానొక్క కూతురు, పన్నెండేళ్లది, ఫుట్‌బాల్ క్లబ్బులో గోల్‌కీపరు. ఆ పిల్లని దాటి బంతి పోవడం కష్టమని అందరూ 'గోడ' అనేవాళ్లు. చివరికి ఇంట్లోనూ అదే పేరు ఖాయమైంది. "గోడా, భోజనానికి రావే!" అని నాయనమ్మ కేకలేస్తుంటే, పక్కింట్లో కొత్తగా అద్దెకి దిగినవాళ్లు పాపం పెద్దావిడకి మతి చలించిందనుకున్నారట.

ఒక శనివారం మధ్యాహ్నం బస్సు సగం దారిలో ఉండగా కండక్టరమ్మకి ఫోనొచ్చింది. విన్నది. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని మా వైపు తిరిగి, ఎవరితో చెబుతోందో తనకే తెలియనట్టు, "గోడ మీద గోల్‌పోస్టు పడిందట," అంది.

ముందు సీట్లో ఎవరో కొత్తాయన, తెలియక, "గోడ కూలిందా అమ్మా, నిలబడిందా?" అని అడిగాడు. వెనకాల నుంచి నలుగురం ఆయన మీద విరుచుకుపడ్డాం.

డ్రైవరు గేరు మార్చాడు. కూడలిలో కుడికి తిరగాల్సిన బస్సుని ఎడమకి తిప్పి నేరుగా ఆసుపత్రి దారి పట్టించాడు. ముప్పై మంది పైనే ఉన్నాం, ఎవరూ కిక్కురుమనలేదు. ఒక ముసలాయన మాత్రం, "ఈ బస్సు మార్కెట్‌కి పోదా నాయనా?" అన్నాడు.

"పోతుంది తాతా. ఇవాళ కాదు," అన్నాడు డ్రైవరు.

జరిగింది ఇదీ. ప్రాక్టీసు ఆటలో ఎవరో గట్టిగా తన్నారు. గోడ ఎడమవైపు దూకి బంతి పట్టేసింది. దూకుడులో భుజం గోల్‌పోస్టుకి తగిలింది. అంతే, ఆ ఇనుప చట్రం మొత్తం నిద్రొచ్చిన మనిషిలా తూలి, పిల్ల మీద పడింది. తొడ ఎముక రెండు చోట్ల విరిగింది. స్ట్రెచర్ మీద ఎక్కించినా పిల్ల బంతి వదల్లేదు. ఎక్స్‌రే గదిలో అక్కడి ఉద్యోగి బతిమాలాడు. "పాపా, బంతి ఇటివ్వమ్మా."

"ముందు విజిల్ వెయ్యండి," అంది పిల్ల, పళ్లు బిగించుకుని.

పాపం ఆయన నోట్లో రెండు వేళ్లు పెట్టుకుని విజిల్ వేశాడు. అప్పుడు ఇచ్చింది.

రెండు ఆపరేషన్లయ్యాయి. లోపల రాడ్డు వేశారు. "నడుస్తుంది. కాకపోతే ఆ కాలు అర అంగుళం పొట్టి కావచ్చు. ఆటల సంగతి ఇప్పుడే చెప్పలేను," అన్నాడు డాక్టరు. కండక్టరమ్మ ఆయన ముందు బుద్ధిగా తలూపింది. తర్వాత మెట్ల కిందికి వెళ్లి, మెడలో టికెట్ల సంచీతోనే నిలబడి, గోడకి మొహం పెట్టుకుని ఏడ్చింది. మేం చూడనట్టు కిటికీలోంచి బయటికి చూశాం.

మర్నాడు వెల్డరు ఒంటరిగా గ్రౌండుకి వెళ్లొచ్చాడు. వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా అన్నాడు: "ఎడమ కాలి దగ్గర వెల్డింగ్ ఎప్పుడో ఊడిపోయింది. తీగ చుట్టి పైన తెల్లరంగు పూశారు. నేలలో బిగించనే లేదు."

అత్తగారు గుండె మీద చెయ్యేసుకుంది. "వీడు వరసగా మూడు వాక్యాలు మాట్లాడాడు! ఇక ఊరుకోవడానికి వీల్లేదు. కేసు వెయ్యాల్సిందే."

కండక్టరమ్మ ముందు క్లబ్బు సెక్రటరీ దగ్గరికి వెళ్లింది. ఆయన మహా మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు, బిస్కట్లు పెట్టించాడు. పిల్ల గురించి విని, చ్చొచ్చొ అన్నాడు. నష్టపరిహారం మాట ఎత్తగానే కిటికీలోంచి బయటికి చూశాడు.

"ఆ గోల్‌పోస్టు మాది కాదమ్మా. గ్రౌండు మున్సిపాలిటీది కదా, అక్కడున్నవన్నీ వాళ్లవే."

మున్సిపాలిటీ గుమాస్తా ఫైలు తిరగేశాడు. "నేల మాది. నేల మీద గడ్డి మాది. గడ్డి మీదున్నదానితో మాకు సంబంధం లేదు. క్రీడల ఆఫీసులో అడగండి."

క్రీడల ఆఫీసులో ఇంకొకాయన, "మేం ఆటలు ప్రోత్సహిస్తాం తప్ప ఇనప సామాను కొనం," అన్నాడు.

ముగ్గురూ కిటికీలోంచే చూశారు. మూడు కిటికీల్లోంచీ కనిపించేది ఎదురు బిల్డింగు గోడే, చెట్టన్నది లేదు. ఆవిడకి ఇక అనుమానం లేకపోయింది.

మా బస్సులో రోజూ ఒక లాయరమ్మ ఎక్కేది. కోర్టు ఎనిమిది స్టాపుల దూరం. ఫీజు మాట ఎత్తితే కోప్పడేది కాబట్టి కేసు సలహా అంతా ఆ ఎనిమిది స్టాపుల్లోనే ఇచ్చేది, అదీ కండక్టరమ్మ టికెట్లు కొట్టుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నప్పుడు. "నిర్లక్ష్యం రుజువు చెయ్యాలంటే ముందు..." అనేలోపు స్టాపు వచ్చేది. పదిమంది ఎక్కేవాళ్లు. "ఆఁ, ముందు?" అని వెనకనుంచి కండక్టరమ్మ అరిచేది. "ముందు అది ఎవరిదో తేలాలి!" అని లాయరమ్మ ముందునుంచి అరిచేది. మధ్యలో నిలబడ్డ మేమందరం సలహాలు కలిపేవాళ్లం. ఆ రూట్లో తిరిగినవాళ్లకి సగం లా డిగ్రీ వచ్చేసినట్టే.

"మాది కాదు అని ముగ్గురిచేతా రాయించి సంతకం పెట్టించు," అంది లాయరమ్మ ఒకరోజు. ముగ్గురూ సంతోషంగా రాసిచ్చారు. క్లబ్బు సెక్రటరీ అయితే 'ఎట్టి సంబంధమూ లేదు' కింద రెండు గీతలు గీసి, క్లబ్బు స్టాంపు కూడా కొట్టాడు.

ఆ మూడు కాగితాలూ ఆవిడ రెండు స్టాపుల దాకా తిప్పి తిప్పి చదివింది. మూడో స్టాపు దగ్గర ఉన్నట్టుండి అంది: "బస్సులో ఎవరిదో గొడుగు దొరికితే ఏం చేస్తాం? డిపోలో అప్పజెప్పి రసీదు తీసుకుంటాం. యజమాని వచ్చి గుర్తులు చెప్పి, సంతకం పెట్టి తీసుకుపోతాడు. అవునా?"

"అవును," అన్నాం.

"గొడుక్కో రూలు, గోల్‌పోస్టుకో రూలా?"

లాయరమ్మ తన స్టాపు వచ్చినా దిగకుండా ఆవిడ మొహంకేసి చూస్తూ ఉండిపోయింది. తర్వాత రెండే మాటలు చెప్పింది. ఏం చేసినా పట్టపగలు, పదిమంది ముందు చెయ్యమంది. విరిగిన చోట చెయ్యి మాత్రం పెట్టొద్దంది.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మొగుడూ పెళ్లాం తోపుడుబండి తీసుకుని గ్రౌండుకి వెళ్లారు. వాచ్‌మన్‌కి మూడు ఉత్తరాలూ చదివి వినిపించారు. ఆయన తలగోక్కుని, "ఎవరిదీ కాకపోతే నేనెందుకు అడ్డం రావాలి?" అని బండికెత్తడానికి సాయం కూడా పట్టాడు. వెల్డరు బోల్టులు విప్పి చట్రాన్ని మూడు ముక్కలు చేశాడు. ఎడమ కాలికి స్పానరు అక్కర్లేకపోయింది, అడగ్గానే వచ్చేసింది.

నడిరోడ్డు మీద గోల్‌పోస్టు ఊరేగుతుంటే జనం ఆగి చూశారు. పోలీసు స్టేషన్లో హెడ్ కానిస్టేబుల్ పెన్ను పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

"ఏంటమ్మా ఇది?"

"దొరికిన వస్తువు సార్. రాసుకోండి. గోల్‌పోస్టు ఒకటి. రంగు తెలుపు. అక్కడక్కడా తుప్పు."

"ఎక్కడ దొరికింది?"

"మా అమ్మాయి మీద."

ఆయన నవ్వబోయి, విషయమంతా విని, నవ్వు మింగేశాడు. లోపల పెట్టిద్దామని చూస్తే అడ్డకమ్మీ గుమ్మంలో పట్టలేదు. ఏటవాలుగా తోశారు, నిలువుగా తోశారు. చివరికి లాకప్పులో ఉన్నవాడు కూడా లోపల్నుంచి, "కొంచెం ఎడంపక్కకి, సార్!" అని సలహా ఇచ్చాడు. కుదరలేదు. "యజమాని వచ్చేదాకా మీ ఇంట్లోనే భద్రంగా ఉంచండి," అని రసీదు రాసిచ్చాడు హెడ్ కానిస్టేబుల్.

ఇంటి ముందు ఖాళీలో మూడు ముక్కలూ గోల్ ఆకారంలోనే ప్రహరీకి తాళ్లతో కట్టి నిలబెట్టారు. ఆ ఊడిన కాలు చూసి వెల్డరు చేతులు ఊరుకునేవి కావు. లాయరమ్మ మాట గుర్తొచ్చి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని దాని చుట్టూ తిరిగేవాడు. అత్తగారికి మాత్రం ఏ బెంగా లేదు. అడ్డకమ్మీ మీద దుప్పట్లు ఆరేసింది. "ఇన్నాళ్లకి ఈ ఇంట్లో పనికొచ్చే వస్తువొకటి వచ్చింది," అంది. కిటికీ పక్కన మంచం మీద పడుకుని గోడ అరిచేది. "నాయనమ్మా, గోల్‌లో లంగాలు ఆరెయ్యకే! పరువు పోతుంది!" దెబ్బ తగిలాక ఆ పిల్ల గొంతు అంత గట్టిగా లేవడం అదే మొదలని కండక్టరమ్మ మాతో చెప్పింది.

తొమ్మిదోరోజున సెక్రటరీ పరుగెత్తుకొచ్చాడు. వచ్చే వారం క్లబ్బులో పెద్ద పోటీ. ముఖ్య అతిథిని పిలిచారు. గ్రౌండుకి ఒకవైపే గోల్ ఉంది. రెండు జట్లనీ ఒకే వైపు ఆడించలేరు కదా. ముందు పోలీసు స్టేషన్‌కి పోతే హెడ్ కానిస్టేబుల్ ఫారం పట్టుకుని ఆయన వెంటే వచ్చాడు.

"మా గోల్‌పోస్టు మాకు ఇప్పించండి," అన్నాడు సెక్రటరీ, దుప్పటి పక్కకి తప్పించి.

"మీదేనని ఆధారం ఏంటి సార్?" అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

సెక్రటరీ సంచీలోంచి కొన్న బిల్లు తీశాడు. రిబ్బను కత్తిరిస్తూ తను దిగిన ఫోటో తీశాడు.

"గోల్‌పోస్టులన్నీ ఒకేలా ఉంటాయి సార్. గుర్తులేమైనా చెప్పగలరా?"

తన సొత్తుని శంకించేసరికి సెక్రటరీకి రోషం పొడుచుకొచ్చింది. "చెప్పలేకేం? ఎడమ కాలి వెల్డింగ్ రెండేళ్ల కిందటే ఊడింది. నేనే దగ్గరుండి తీగ చుట్టించాను. కావాలంటే ఆ రంగు గీకి చూడండి, కింద మూడు చుట్లుంటాయి!"

వెల్డరు "ఊఁ" అన్నాడు.

"మీరు చెప్పింది చెప్పినట్టు ఫారంలో రాసెయ్యండి సార్," అంది కండక్టరమ్మ, పెన్ను అందిస్తూ. "స్పష్టంగా రాయండి. ఇంకెవరైనా నాదంటూ వస్తే మళ్లీ గొడవ."

ఆయన రాశాడు. సంతకం పెట్టాడు. అలవాటుగా స్టాంపు కూడా కొట్టాడు. గోల్‌పోస్టు తీసుకుపోయేటప్పుడు అత్తగారు దుప్పట్లు మడిచి, "ఎండిపోయాయిలే, తీసుకెళ్లు నాయనా," అని సాగనంపింది. ఎడమ కాలు మాత్రం హెడ్ కానిస్టేబుల్ వదల్లేదు, కేసు తేలేదాకా తన దగ్గరే ఉండాలన్నాడు. అది గుమ్మంలో పట్టింది.

ఆ ఫారం, ఉత్తరాలు జతచేసి లాయరమ్మ నష్టపరిహారం కేసు వేసింది. విచారణ రోజున ఆ బస్సులో రోజూ ఎక్కేవాళ్లం పదకొండుమందిమి సెలవు పెట్టి వెళ్లాం. విచారణాధికారి మొదట 'ఎట్టి సంబంధమూ లేదు' అన్న ఉత్తరం చదివాడు. తర్వాత 'తీగ నేనే చుట్టించాను' అన్న ఫారం చదివాడు. కళ్లజోడు తుడుచుకుని రెండూ మళ్లీ చదివాడు.

"ఈ రెండు సంతకాలూ మీవేనా?"

"మొదటిది... అప్పుడు నాకు ఒంట్లో బాగాలేదండీ," అన్నాడు సెక్రటరీ.

"స్టాంపుకి కూడా బాగాలేదా?"

లాయరమ్మ ఒక గంటసేపు వాదించడానికి సిద్ధపడి వచ్చింది. నాలుగు నిమిషాల్లో అయిపోయేసరికి డీలాపడింది. అయిన ఖర్చు, ముందు ముందు కాబోయే వైద్యం, పిల్ల పడ్డ బాధకి వేరుగా కొంత, అన్నీ క్లబ్బే ఇవ్వాలన్నారు. ఆ గ్రౌండులో ఉన్న ప్రతి గోల్‌పోస్టునీ నేలలో బిగించేదాకా ఆటలు బందన్నారు. ఎడమ కాలు లేక అప్పటికే వాయిదాపడ్డ సెక్రటరీ పెద్ద పోటీ అలా ఇంకో మూడు నెలలు వెనక్కి పోయింది. డబ్బు రెండు విడతలుగా వచ్చింది. రెండో విడతకి కండక్టరమ్మ నాలుగుసార్లు తిరగాల్సొచ్చింది, కానీ వచ్చింది.

కాలు మాత్రం డాక్టరు చెప్పినట్టే అర అంగుళం తగ్గింది. ఆ సంగతి తెలిసిన రోజు గోడ బంతిని మంచం కిందికి తోసేసింది. ఏ ఆఫీసుకి తిరిగినా ఆ అర అంగుళం తిరిగి రాదని కండక్టరమ్మ మాతో ఒకే ఒక్కసారి అంది, ఆ పూట చిల్లర లెక్క కూడా తప్పింది. తర్వాత పరిహారం డబ్బులోంచి మడమ ఎత్తుగా ఉన్న బూటు చేయించారు. పిల్ల రోజూ పొద్దున గోడ పట్టుకుని నడిచేది. "గోడ గోడ పట్టుకుంది చూడు," అని నాయనమ్మ నవ్వించేది.

పధ్నాలుగు నెలలకి మళ్లీ ఆటకి దిగింది. మేమంతా వెళ్లాం. ఆట మొదలుకాకముందే వెల్డరు మైదానంలోకి నడిచి, మా వైపు గోల్‌పోస్టుని రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. కదల్లేదు. అటు చివరికి నడిచి ఎదుటి జట్టుదీ ఊపాడు.

"ఎవరండీ మీరు? మా గోల్‌తో మీకేం పని?" అన్నాడు అవతలి కోచ్.

"అక్కడ నిలబడేదీ పిల్లే కదా," అన్నాడు వెల్డరు.

ఆ రోజు గోడకి అయిదు గోల్స్ పడ్డాయి. మూడోది గీత దాటలేదని రిఫరీతో ఆ పిల్ల దెబ్బలాడిన తీరు చూస్తే ఓడినట్టే అనిపించలేదు. కండక్టరమ్మ గీత పక్కన నిలబడి రిఫరీని నానా మాటలూ అంటుంటే, పిల్ల వెనక్కి తిరిగి అరిచింది: "అమ్మా, నువ్వు నోరు మూసుకో! ఇది నా గొడవ!"

ఆవిడ నోరు మూసుకుంది. పదకొండేళ్లలో నేను చూడటం అదే మొదటిసారి.