పుస్తకం తాత గీసిన గీత

ఆ రోజుల్లో ఇంటిపేరంటే నాకు సొంత పేరు ముందు ఒక అక్షరం, ఒక చుక్క, అంతే. (ఎనిమిదో తరగతిలోనే నేనూ బడీ ఒకరినొకరం వదిలించుకున్నాం కాబట్టి ఆ మాత్రం అజ్ఞానం మన్నించాలి.) మా ఊరు పద్మనాభం నుంచి రోజూ బస్సెక్కి సీతమ్మధారలో ఏసీలు బాగుచేసే కొట్టుకి వచ్చేవాణ్ణి. పక్క మందుల కొట్టులో పనిచేసే అమ్మాయి కోసం నాకు వారానికి మూడుసార్లు తలనొప్పి వచ్చేది. చివరికి వాళ్ల నాన్న, ఉక్కునగరంలో షిఫ్టు డ్యూటీలు చేసే పెద్దమనిషి, మా ఇంటికొచ్చి కాఫీ తాగుతూ నా ఇంటిపేరు అడిగాడు. చెప్పాను. గ్లాసు కింద పెట్టేశాడు. వాళ్లదీ అదే.

"ఒకే ఇంటిపేరు, ఒకే గోత్రం. అన్నాసెల్లెళ్ల వరసైపోద్ది కదా బాబూ" అన్నాడు.

అసలు సంగతేమిటంటే, నేను అమ్మా అని పిలిచేది మా పెద్దమ్మని. పిల్లల్లేని ఆవిడ, మూడు నెలల పసిగుడ్డుగా ఉన్న నన్ను చెల్లెలి ఒళ్లోంచి ఎత్తుకొచ్చేసింది. కాగితం లేదు, సంతకం లేదు. కన్నతల్లిని నేను పిన్నీ అనేవాణ్ణి. కన్నవాళ్ల ఇంటిపేరూ గోత్రమూ వేరు. ఆ మాటే చెబితే ఆయన నవ్వి, "పెళ్లికోసం ఎవడైనా అమ్మని మార్సేత్తాడు. పుస్తకంలో ఏటుందో సూద్దాం" అన్నాడు.

పుస్తకమంటే, కోతలయ్యాక మా ఊళ్లు తిరుగుతూ ఇంటింటి వంశం రాసుకునే తాత దగ్గరున్నది. తరాలుగా రాస్తూ వచ్చిన దాన్ని గుడ్డలో చుట్టి చంటిపిల్లలా మోసేవాడు. మా ముత్తాతల పేర్లు పుస్తకం తెరవకుండానే పాటలా అప్పజెప్పేవాడు. నాకు మూడో ఎక్కమే సగంలో ఆగిపోతుంది. బతిమాలి తీసుకొచ్చి మా అరుగు మీద కూర్చోబెట్టాను. కాబోయే మావ (అప్పటికి కాకపోయే మావ) ఎదురుగా కూర్చున్నాడు. తాత కళ్లద్దాలు సర్దుకుని చదివాడు. "సొంత కొడుకు."

నా పెళ్లి అక్కడితో అయిపోయిందనుకున్నాను.

"పెంపకం అని రాత్తానంటే మీ యమ్మ నా మీదకి సేట ఎత్తింది బాబూ. రాయించినోలే సెప్పాలి, నానైతే మార్సను" అన్నాడు తాత. ఊళ్లో అందరి మీదా జోకులేసే నోరు నాది. నువ్వు నా అమ్మవి కావని చెప్పమ్మా అని అమ్మని ఏ నోటితో అడగను?

అమ్మ బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టి, కొంగుకి చేతులు తుడుచుకుని వచ్చింది. "రాయించింది నానే. అబద్ధం. ఈడు నా సెల్లి కొడుకు. కొట్టీ తాతా" అంది, కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినంత మామూలుగా. తర్వాత నా వైపు తిరిగి, "ఏట్రా అలా సూత్తన్నావ్, మీ మావకి ఇంకో గ్లాసు కాఫీ పట్రా" అంది.

తాత పేజీ మీదకి వంగి, ఒక గీత గీసి, పక్కన పెంపకం అని రాశాడు. పెళ్లయింది. (ఇంటిపేరు మార్చుకునే బాధ మా ఆవిడకి తప్పింది.)

మొన్న తాత కొడుకు అదే పుస్తకంతో వస్తే నా పేజీ అడిగి చూశాను. ఇన్నేళ్లూ తాత రెండు మాటలూ కొట్టేశాడనే అనుకున్నాను. గీత 'సొంత' మీదే ఉంది. 'కొడుకు' జోలికి వెళ్లలేదు.

చదువు రాని అమ్మకి చదివి వినిపించాను.

"మరి, అదీ కొట్టేత్తే ఊరుకుందునేటి? సేట నా పక్కనే ఉండీది" అంది.

ఆ రోజు కాఫీ కోసం లోపలికి పరిగెత్తిన కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. వెధవ, ముహూర్తం ఎప్పుడా అని చూశాడు గానీ, ఒక్కసారి పేజీలోకి తొంగి చూడలేదు.