తువ్వాలు కింద లెక్క

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఊరికే వచ్చే వస్తువును ఎవరూ నమ్మేవారు కాదు. కాశీబుగ్గ బజారులో మాది తాళ్ళ దుకాణం. ఉద్దానం కొబ్బరి పీచుతో పేనిన తాళ్ళు, పశువుల పలుపులు, చేటలు, తట్టలు అమ్మేవాళ్ళం. అటు పక్క బట్టల కొట్టు, ఇటు పక్క గిన్నెల కొట్టు. బేరమాడకుండా కొన్నవాణ్ణి మా వీధిలో అమాయకుడనేవారు. బేరమాడనివ్వకుండా అమ్మినవాణ్ణి మాత్రం మర్యాద తెలియనివాడనేవారు. నేను మాటలతో పాటే బేరం కూడా నేర్చుకున్నాను. స్నానానికి ఎన్ని చెంబుల నీళ్ళు పోసుకోవాలో కూడా అమ్మతో బేరమాడి తగ్గించుకున్న రోజులున్నాయి. ఇందులో గొప్పేమీ లేదు, ఆ రోజుల్లో నా మెడ రంగు చూసినవాళ్ళకి తెలుసు.

అలాంటి వీధిలో, నేను ఏడో తరగతికి వచ్చిన ఏడాది, పక్కింటి అక్క ఊరికే చదువు చెప్పడం మొదలుపెట్టింది. తొంభైలు ముగుస్తున్న రోజులవి. డిగ్రీ అయ్యాక బీఈడీ సీటు వచ్చేదాకా ఒక ఏడాది ఇంట్లో ఉండమన్నారు ఆమెను. ఆ ఏడాదినంతా తీసుకెళ్ళి బడి వదిలాక ఇళ్ళకి పోయే ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకి ఇచ్చేసింది. సాయంత్రం రెండు గంటల పాఠమే కదా అనుకుంటారు ఎవరైనా. పొద్దున్నే ముందురోజు రానివాళ్ళ ఇళ్ళకి తిరిగేది. మధ్యాహ్నమంతా కార్బన్ కాగితాలు పెట్టి ప్రశ్నలు చేత్తో రాసేది. బడి వదిలే వేళకి గోదాము ఊడ్చి, చాపలు పరిచి ఉంచేది. ఆ గోదాము వాళ్ళ మావయ్యది. జీడిపిక్కలు దిగే వేసవి దాకా అది ఖాళీగా ఉండేది. ఖాళీ అన్నమాటే గానీ పిక్కల వాసన గోడల్లోంచి వస్తూనే ఉండేది. ఇవాళ్టికీ ఆ వాసన తగిలితే నాకు ఎక్కాలు గుర్తొస్తాయి.

అక్క మా కొట్టుకొచ్చి నన్ను పంపమని అడిగినప్పుడు నాన్న అనుమానంగా చూశాడు.

"ఊరికే ఇచ్చిన సరుకు పుచ్చయినా అయ్యుండాల, దొంగదయినా అయ్యుండాల గదమ్మా" అన్నాడు.

"ఒక నెల వాడి సూడండి బాబాయ్. బాగోపోతే మీ గుంటని మీరు ఎనక్కి తీసీసుకోండి" అంది అక్క.

మా బేరం భాషలోనే జవాబు చెప్పేసరికి నాన్న ఒప్పుకున్నాడు. గుంట అంటే మా వైపు ఆడపిల్ల. అలా నేను వాపసు షరతు మీద చదువుకి వెళ్ళాను.

గోదాములో ఇరవై మందిమి ఉండేవాళ్ళం. ఏడో తరగతికి అప్పట్లో జిల్లా అంతటికీ ఒకటే పరీక్ష. అది తప్పితే బడి మానిపించే ఇళ్ళే ఎక్కువ. అక్క ఎక్కాలు అడిగితే చాలు, అందరూ చాపల అల్లిక చూస్తూ కూర్చునేవారు. తప్పు చెప్తే పక్కవాడు నవ్వుతాడని భయం. కొట్లో పెరిగిన నాకు ఎక్కాలు నాలుక చివరే ఉండేవి. అక్క ప్రశ్న పూర్తి చేయకముందే అరిచి చెప్పేదాన్ని. నేను అరిచిన ప్రతిసారీ మిగతా నోళ్ళు ఇంకొంచెం గట్టిగా మూసుకునేవి. అది నా తెలివికి దక్కిన గౌరవం అనుకునేదాన్ని.

ఆ మూసిన నోళ్ళలో అన్నిటికంటే గట్టిది బారువ పిల్లది. బారువ దగ్గరి చేపలవాళ్ళ ఊరు నుంచి వచ్చింది కాబట్టి అందరూ ఆమెను అలాగే పిలిచేవారు. తల్లి కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీలో పనికి కుదిరి కూతుర్ని తెచ్చుకుంది. మధ్యలో రెండేళ్ళు బడి లేక, తల్లితో పిక్కలు కొట్టి, పధ్నాలుగేళ్ళకి మా తరగతిలో కూర్చుంది. జీడి రసానికి వేళ్ళు నల్లబడి, కొసలు పగిలి ఉండేవి. వాళ్ళమ్మ ఈ ఒక్క ఏడాదే చూస్తానంది. పరీక్ష తప్పిందా, తిరిగి ఫ్యాక్టరీకే. ఆ సంగతి మా అందరికీ తెలుసు.

పిల్లల నోళ్ళు ఎలా తెరిపించాలా అని అక్క తల పట్టుకుంటే నా దగ్గర ఒక ఉపాయం ఉంది. మా తాతయ్య వయసులో ఉన్నప్పుడు పశువుల సంతలో దళారీ. అక్కడ ఎడ్ల ధర పైకి చెప్పరు. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుతారు. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పట్టుకుంటే రెండు, చెయ్యంతా పట్టి వదిలితే ఐదు, ఆపైన ఇంకో వేలు పడితే ఆరు. ముందు పదులు, తర్వాత ఒకట్లు. పిడికిలి బిగిస్తే సున్నా. చుట్టూ వందమంది ఉన్నా ఎంతకి అడిగాడో, ఎంతకి కాదన్నాడో ఆ రెండు చేతులకే తెలుస్తుంది. జవాబులు కూడా అలా చెప్పించవచ్చు కదా అని నాకు తోచింది.

దీన్ని నేను ఊరికే ఇస్తానా? ఉపాయం చెప్తే రోజూ మొదటి అరగంట ఏడో తరగతికి తువ్వాలు పట్టే పని నాకివ్వాలని అడిగాను. అక్క వారానికి రెండు రోజులంది. నేను ఐదన్నాను. నాలుగు దగ్గర తెగింది. బేరం ముగిశాక వేళ్ళ లెక్కంతా విప్పి చెప్పాను. ఒక్కటి మాత్రం చెప్పలేదు. తువ్వాలు కింది మాట తువ్వాలు కిందే ఉండాలని తాతయ్య లెక్కతో పాటే నేర్పాడు. అది సరుకులో భాగమని నాకు తోచలేదు. కొసరు అనుకుని మిగుల్చుకున్నాను.

ఉపాయం పారింది. జవాబు తప్పైతే అడిగినవాళ్ళు బొటనవేలితో అవతలి అరచేతిలో అడ్డంగా ఒక గీత గీయాలి, అంటే మళ్ళీ చూడమని. సరైతే రెండుసార్లు తట్టాలి. ఈ గీతా తట్టూ అక్క కనిపెట్టినవి. వారం తిరిగేసరికి చాపలు చూసే కళ్ళు తువ్వాలు వైపు చూడడం మొదలుపెట్టాయి. తప్పు చెప్పినా ఎవరికీ తెలియదన్న ధైర్యంతో తప్పులు బాగా చెప్పారు. తప్పులు చెప్పగా చెప్పగా ఒప్పులు వచ్చాయి. బారువ పిల్ల కూడా చెయ్యి పెట్టేది. తువ్వాలు కింద ఎవరి చెయ్యి ఎవరిదో చూడనక్కర్లేదు. ఆమె వేళ్ళ కొసలు గరుకు కాగితంలా తగిలేవి.

ఒక సాయంత్రం ఆమెకి చాలా తేలికైన లెక్క ఒకటి వేశాను. ఆమె వేళ్ళు పట్టింది. రెండో తరగతి పిల్లలు కూడా అలా చెప్పరు. నేను గీత గీశాను, ఆమె మళ్ళీ చూసి సరిగ్గా చెప్పింది, నేను తట్టాను. అక్కడితో ముగిసిపోవాలి. కానీ ఇంటికి వెళ్ళేదారిలో బట్టల కొట్టు వాళ్ళమ్మాయి నా మొహంలో ఏదో సరుకుందని కనిపెట్టింది. దాని చేతిలో మామిడి తాండ్ర ఉంది.

"ఏటే, బారువ పిల్ల ఏటి పట్టిందే? సెప్పవే, ఒక ముక్కిత్తాను."

"ఒక ముక్కకి ఎవులు సెప్తారే? రెండియ్యి."

ఇచ్చింది. చెప్పాను. తాండ్ర బాగుంది. మంచి బేరమే తగిలిందనుకుంటూ ఇంటికొచ్చాను.

మర్నాడు బారువ పిల్ల గోదాము గుమ్మంలోకి రాగానే నలుగురైదుగురు చేతులెత్తి, ఆమె ముందురోజు ఎన్ని వేళ్ళు పట్టిందో అన్ని వేళ్ళు గాలిలో చూపించారు. ఆమె ఆ వేళ్ళను చూసి, నన్ను చూసి, అటు నుంచి అటే వెనక్కి తిరిగింది. మూడు రోజులు రాలేదు. ఆ మూడు రోజులూ నేను తువ్వాలు పరుచుకుని కూర్చున్నాను. ఒక్కరు కూడా చెయ్యి పెట్టలేదు. తాండ్ర ఇచ్చిన పిల్ల కూడా పెట్టలేదు. దానికి మరీ బాగా తెలుసు కదా నా సంగతి.

అక్క నన్ను ఏమీ అనలేదు. నాలుగో రోజు పొద్దున్నే మా కొట్టుకొచ్చి తాతయ్య ఎదురుగా బల్ల మీద కూర్చుంది. నేను లోపల తాడు చుడుతున్నాను.

"తాతా, సంతలో దళారీ ఒకడు తువ్వాలు కింద మాట పైకి సెప్పీసినాడనుకో. ఆడినేటి సేత్తారు?"

"ఏటీ సెయ్యరమ్మా. కొట్టరు, తిట్టరు. ఆడి తువ్వాలు కింద ఇంకెవుడూ సెయ్యెట్టడు. మూతి తుడుసుకోడానికి తప్ప ఆ తువ్వాలు దేనికీ పనికిరాదు."

"మరి ఆడు మల్లీ సంతలోకి రావాలంటే?"

"ఎవుల మాట అమ్మీసినాడో ఆల తువ్వాలు కింద తన సెయ్యెట్టాల. ఈసారి ఆలు అడుగుతారు, ఈడు నిజం సెప్పాల. తిరిగి ఆలు పైకి సెప్పీసినా ఏటీ అనుకోకూడదు" అన్నాడు తాతయ్య.

అక్క లేచి రెండు బారల తాడు తీసుకుంది. బేరమాడకుండా తీసుకుంది. మా వీధి మనిషి అలా కొనడం నేను అంతకుముందు చూడలేదు. తిట్టి ఉంటే ఇంత భయపడేదాన్ని కాదు. చుడుతున్న తాడు అక్కడే పడేసి ఆమె వెనకాల నడిచాను.

ఫ్యాక్టరీ పక్క రేకుల ఇంటి అరుగు మీద బారువ పిల్లా వాళ్ళమ్మా చేట ముందు పెట్టుకుని జీడిపప్పు పొట్టు ఒలుస్తున్నారు. వాళ్ళమ్మ తలెత్తకుండానే అంది.

"సదువుకుంటాదనే కదమ్మా తీసుకొచ్చినాను. ఆలంతా ఏళ్ళు సూపెట్టి నవ్వుతుంటే ఎలాగెల్తాది? సోమారం నుంచి నాతో పనికి తీసుకెల్పోతాను. పప్పు ఒలుసుకున్నా పరువుంటాది."

అక్క భుజాన వేసుకొచ్చిన గోదాము తువ్వాలు తీసి బారువ పిల్ల ఒళ్ళో పెట్టింది. "ఈసారి నువ్వడుగు. ఇది సెప్తాది" అంది నన్ను చూపించి.

బారువ పిల్ల చేతులు పావడాకి తుడుచుకుని తువ్వాలు కప్పింది. "హిందీలో నీకెన్నొచ్చినాయి?" అంది.

ఆ ఏడాది మూడు నెలల పరీక్షలో నాకు హిందీలో ముప్పై తొమ్మిది వచ్చాయని ఇంట్లో, బడిలో, బజారులో అందరికీ చెప్పుకున్నాను. ఆమె నల్లటి వేళ్ళు పట్టుకుని ముప్పై తొమ్మిదే చెప్పాను. నా అరచేతిలో అడ్డంగా గీత పడింది. మళ్ళీ సూడు. పంతొమ్మిది అన్నాను. మళ్ళీ గీత. ఇంక దిగడానికి మిగిలింది ఒక్కటే మెట్టు. పిడికిలి బిగించి, తర్వాత చెయ్యంతా పట్టి వదిలి, నాలుగు వేళ్ళు పట్టుకున్నాను. ఆమె బొటనవేలు నా అరచేతిలో రెండుసార్లు తట్టింది.

ఆమెకి నా మార్కులు ముందే తెలుసేమోనని చాలా ఏళ్ళు అనుకున్నాను. తెలియదట. నేను ముందు చెప్పిన మాట దేన్నీ నమ్మకూడదని మాత్రం తెలుసునట.

తువ్వాలు తీసి అక్కకి ఇచ్చేసింది. వాళ్ళమ్మ "ఏటన్నాదే?" అని అడిగింది. అక్క కూడా చూస్తోంది. బారువ పిల్ల "ఏటీ లేదు" అని, చేటలో మిగిలిన పప్పు వాళ్ళమ్మ వైపు జరిపి, పుస్తకాల సంచీ తెచ్చుకోవడానికి లోపలికి వెళ్ళింది.

ఆ సాయంత్రం నుంచి ఏడో తరగతి తువ్వాలు ఆమె పట్టింది. నా నాలుగు రోజులూ నేనే వదులుకున్నాను. బదులేమీ అడగకుండా నేను వదిలిన మొదటి బేరం అదే. నా చెయ్యి కూడా రోజూ ఆ తువ్వాలు కిందకే వెళ్ళేది. హిందీ ఆమెకి బాగా వచ్చు. వేసవిలో గోదాములోకి పిక్కలు దిగాయి, అక్కకి సీటొచ్చి వెళ్ళిపోయింది. పరీక్షలో మేమిద్దరం గట్టెక్కాం. బడి గోడ మీద అంటించిన కాగితంలో ఆమె నంబరు చూసి వాళ్ళమ్మ అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయింది.

ఇప్పుడు మా తాళ్ళ కొట్టు నాది. బారువ పిల్ల ఊరి నుంచి వచ్చినప్పుడల్లా తాళ్ళు నా దగ్గరే కొంటుంది. నేను ధర చెప్పగానే మారుమాట్లాడకుండా బొటనవేలితో గాలిలో అడ్డంగా గీస్తుంది. దించుతాను. మళ్ళీ గీస్తుంది.

కొట్టుకొచ్చే నలుగురూ నాతో నాలుగు రకాల మాటలు చెప్పుకుంటారు. తాండ్ర ముక్కలు చూపించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నాకు పళ్ళు జివ్వుమంటాయని చెప్తాను. హిందీలో నాకొచ్చినవి తొమ్మిది. అది నా సరుకు, ఎవరికైనా చెప్పుకుంటాను. ఆ సాయంత్రం ఆమె పట్టిన వేళ్ళు ఎన్నో మాత్రం, ఇంత రాసినా, ఇక్కడ ఎక్కడా రాయలేదు.