కటర్ ఈల

ఆ ఉదయం కోసిన పట్టీలో సూపర్‌వైజరు గొంతుక్కూర్చుని ఒక గడ్డిపరక పీకాడు. దాని కొసను వెలుతురుకు పట్టి చూశాడు. కొస తెగలేదు, చిరిగి పీచు తేలింది.

"కోసినట్టు లేదయ్యా ఇది. మేక నమిలి వదిలేసినట్టుంది" అన్నాడు.

వెనక నిలబడ్డ ఇద్దరు కూలీలు కిసుక్కుమన్నారు. ట్రాక్టర్ దిగి నిలబడ్డ డ్రైవరుకు చెంప మీద కొట్టినట్టయింది. చిన్న విమానాలు దిగే ఆ మైదానంలో ఇరవై ఏళ్లకు పైగా గడ్డి కోస్తున్నది అతనే. ఇంతవరకు అతని కోతకు వంక పెట్టినవాళ్లు లేరు.

అక్కడ అందరూ అతన్ని శ్రుతి మేస్త్రి అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. ట్రాక్టర్ వెనక తగిలించిన కటర్‌లో, రేకు కప్పు కింద, మూడు బ్లేడ్లు గిర్రున తిరుగుతాయి. తగినంత వేగం ఉంటేనే గడ్డి తెగుతుంది, లేకపోతే చిరుగుతుంది. ఆ వేగం చూపించే మీటరు స్టీరింగు ఎదురుగానే ఉంది. అతను దాని మీద దుమ్ము కూడా తుడవడు. ఇంజను పెంచుతూ పోతే బ్లేడ్ల రొద సన్నబడి ఈలగా మారే చోటు ఒకటుంది. చెవితో పట్టుకుని చెయ్యి అక్కడ ఆపేవాడు. సూది చూసి నడిపే మిగతా డ్రైవర్లను "గడియారం చూస్తే గాని ఆకలెయ్యని మనుషులు" అని ఆటపట్టించేవాడు.

అతను పని దొంగ కాదు. కోత పాడవుతోందని గమనించి ముందే అన్నీ చూసుకున్నాడు. కటర్ ఒక పక్కకు ఒరిగిందేమోనని చదునైన గచ్చు మీద నిలిపి నాలుగు మూలలా కొలిచాడు. బ్లేడ్లు తిరగేసి బిగించారేమోనని కిందకు దూరి చూశాడు. ఇరుసులకు చుట్టుకున్న గడ్డి పీకేశాడు. బండిని నెమ్మదిగా నడిపి చూశాడు. ఎక్కడా తప్పు దొరకలేదు. అందుకే సూపర్‌వైజరు అడిగేసరికి బ్లేడ్లకు పదును లేదని చెప్పేశాడు.

ఆ బ్లేడ్లు సాన పట్టేది అతని బావమరిది. గేటు బయట చిన్న షెడ్డు. మైదానం పనే అతనికి ప్రధానం. మేస్త్రి అక్కడితో ఆగినా బాగుండేది. కూలీల నవ్వు ఇంకా చెవుల్లో ఉండగా మరో మాట జారాడు.

"మావాడి ధ్యాస ఈమధ్య పని మీద ఉండట్లేదు సార్. సాన పట్టమంటే నూనెగుడ్డతో తుడిచి పంపిస్తున్నాడు."

కూలీలు మళ్లీ నవ్వారు. ఈసారి నవ్వు తన మీద కాదు గనక అతనూ నవ్వాడు. ఇకనుంచి బ్లేడ్లు వేరేచోట ఇస్తానని సూపర్‌వైజరు అక్కడికక్కడే తేల్చేశాడు.

ఇలాంటి మాటకు కాళ్లు త్వరగా వస్తాయి. సాయంత్రానికల్లా అది షెడ్డుకూ చేరింది, ఇంటికీ చేరింది. భార్య కంచం పెట్టింది గాని పలకలేదు. అతను రెండోసారి కూర అడిగినప్పుడు మాత్రం, తమ్ముడితో మాట్లాడాల్సింది ఉంటే ఇంటికి పిలిచి నాలుగు చీవాట్లు పెట్టొచ్చు కదా, నలుగురిలో పరువు తియ్యడమెందుకని అడిగింది. అతను విననట్టు ఊరుకున్నాడు. ఆ ఇంట్లో అది కొత్త కాదు. ఏడాదిగా టీవీ సౌండు గురించి, పిలిస్తే పలకకపోవడం గురించి ఆమె దెప్పుతూనే ఉంది. అతను పరధ్యానమంటాడు, ఆమె పొగరంటుంది.

మర్నాడు బావమరిది తనంతట తానే మైదానానికి వచ్చాడు. చంకలో గోనెసంచి, అందులో ముందురోజు రాత్రి సాన పట్టిన బ్లేడ్లు. ఒక్క పట్టీ కోయనిస్తే చాలునని సూపర్‌వైజరును బతిమాలాడు. మేస్త్రి ముఖం వైపు చూడలేదు. తనే బ్లేడ్లు బిగించి, తనే సీటెక్కాడు.

మేస్త్రి పక్కనే నడుస్తూ చూశాడు. బావమరిది బొటనవేలితో మీటరు అద్దం మీది దుమ్ము తుడిచాడు. వేగం పెంచే లివరును ముందుకు తోశాడు. మేస్త్రి రోజూ ఆపే చోటు దగ్గర ఆగలేదు, ఇంకా తోశాడు. ఈల తెగిపోయింది. తప్పు చేస్తున్నాడని మేస్త్రి చెయ్యెత్తబోయాడు. అంతలో కటర్ వెనక గడ్డి నున్నగా, కత్తెరతో కత్తిరించినట్టు పరుచుకుంటూ వచ్చింది. కూలీలిద్దరూ చెవుల్లో వేళ్లు పెట్టుకున్నారు.

తనకు తెగిపోయిన ఈల వాళ్లకు గట్టిగా మోగుతోంది. ఇన్నాళ్లూ తన చెవికి అందినంతవరకే వేగం పెంచి ఆపేస్తున్నాడు.

బావమరిది దిగి వచ్చి అతని చెవి దగ్గర నోరు పెట్టాడు. "ఈల వినబడ్డం లేదా బావా?"

"వినబడకేం" అన్నాడు మేస్త్రి.

బావమరిది ఒక్క క్షణం అతని కళ్లలోకి చూశాడు. ఆ మైదానంలో విమానం దిగే ముందు సైరన్ మోగుతుంది. మోగగానే కోసేవాళ్లు బండిని పక్కకు తియ్యాలి. చెవులు సరిగా లేనివాణ్ణి ట్రాక్టర్ ఎక్కనివ్వరు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

సూపర్‌వైజరు కోత చూసి, మరి ఇన్నాళ్లూ ఏమైందని గద్దించాడు. "పోయినసారి అంచు సరిగ్గా రాలేదండి. నాదే తప్పు" అన్నాడు బావమరిది. సూపర్‌వైజరు అతన్ని చెడామడా తిట్టి, పని తిరిగి ఇవ్వాలో లేదో ఆలోచించి చెప్తానని పంపేశాడు. మేస్త్రి తిట్లు అయ్యేదాకా తన చెప్పుల వంక చూస్తూ నిలబడ్డాడు.

చీకటి పడుతుండగా షెడ్డుకు వెళ్లాడు. లోపలికి వెళ్లడానికి మొహం చెల్లక గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. సానరాయి ఆగి ఉంది. బావమరిది చేతులు కడుక్కుంటూ, అక్కకు ఏమీ చెప్పలేదు, చెప్పను కూడా అన్నాడు. చేతులు తుడుచుకుని, మాట అందేలా దగ్గరకు వచ్చాడు.

"మీటరు చూసి నడుపుకో బావా, కోత బాగుపడుద్ది. సైరన్‌కి మాత్రం మీటర్లుండవు."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అది ఉంటే మేస్త్రి తిరగబడి ఏదో అనేవాడు, కాస్త తేలికపడేవాడు. ఇంటికెళ్లాక భార్య ఏదో అడిగింది. అతను మొదటిసారి "వినబడలేదు, మళ్లీ చెప్పు" అన్నాడు. ఆమె చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

పొద్దున్నే సూపర్‌వైజరు గదికి వెళ్లాడు. కూలీలిద్దరూ అక్కడే హాజరు వేయించుకుంటున్నారు. వాళ్లు వెళ్లేదాకా ఆగుదామనిపించింది. బావమరిదిని అన్న రోజు వాళ్లు వెళ్లేదాకా తను ఆగలేదు. ట్రాక్టర్ తాళం బల్ల మీద పెట్టాడు.

"బ్లేడ్లలో తప్పు లేదు సార్. మొదట్నుంచీ లేదు. నా చెవుల్లో ఉంది."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండుననిపించింది. సూపర్‌వైజరు తాళం సొరుగులో వేసి, ఎన్నాళ్లనుంచి అని అడిగాడు. అతనికి ఆ ప్రశ్న సగమే అందింది. మళ్లీ అడిగించుకుని జవాబు చెప్పాడు.

బ్లేడ్ల పని బావమరిదికే తిరిగి వచ్చింది. సోమవారం మరో డ్రైవరు ట్రాక్టరెక్కి, మీటరు సూది కోతకు సరిపోయే ఐదు వందల నలభై అంకె మీదకు వచ్చేదాకా లివరు తోశాడు. శ్రుతి మేస్త్రి చెవుల డాక్టరు గది బయట బెంచీ మీద, తనను పిలిస్తే చెప్పమని పక్కనున్న ఆమెను అడిగి, కూర్చున్నాడు.