మూడు లెక్కపెట్టాక

మా పక్క వాటాలోని అమ్మాయిని ఆటలో అందరూ ఉడుము అనేవారు. ప్రత్యర్థి కాలరు ఒకసారి ఆమె పిడికిట పడితే విడిపించుకోవడం ఎవరి తరమూ కాదు. ముప్పై నాలుగేళ్లు వ్యాకరణం చెప్పినవాణ్ణి, మనుషులను జంతువుల పేర్లతో పిలవడం నాకు గిట్టదు. అయినా ఆ పిలుపు వింటే పిల్ల ముఖం విప్పారేది కనుక దిద్దలేదు.

ఆమెకు పదహారేళ్లు. తల్లి ఆసుపత్రిలో దుప్పట్లు ఉతుకుతుంది. టైర్ల గోదాము వెనక రేకుల షెడ్డులో ఆరేళ్లుగా జూడో సాధన. నలభై ఎనిమిది కిలోల విభాగంలో జట్టులో ఒకే ఒక్క స్థానం ఉంది. ఎంపికకు ఇంకా తొమ్మిది రోజులు. అది ఉడుముదేనని షెడ్డంతా అనుకునేది.

జూడోలో చెయ్యి మెలిపడి నొప్పి పుడితే నేలనో ఎదుటివారినో అరచేత్తో తట్టాలి. ఓడిపోయానని అర్థం, ఎదుటివారు తక్షణం వదిలేస్తారు. ఎంత మర్యాదగల ఏర్పాటు! ‘ఇక నావల్ల కాదు’ అని చెప్పే గుర్తు మా తరగతి గదుల్లోనూ ఒకటి ఉండి ఉంటే ఎందరు పిల్లలు తేరుకునేవారో. సరే, దారి తప్పాను. ఆ షెడ్డులో కోచ్ సొంత నియమం ఒకటి పెట్టాడు: నొప్పి మొదలయ్యాక మనసులో మూడు లెక్కపెట్టాకే తట్టాలి. ఆలోగా తప్పించుకునే సందు దొరుకుతుందని ఆయన నమ్మకం. మిగతా పిల్లలు గబగబా లెక్కపెట్టేవారు. ఈమె నిజాయితీగా లెక్కపెట్టేది.

ఆ సాయంత్రం ఆమెకు జోడీగా దిగినది దర్జీ కూతురు, ఏడాది చిన్నది, అదే బరువు విభాగం. ఉడుము మోచేయి ఆ పిల్లకు చిక్కింది.

“తట్టేదాకా వదలకు!” అని కోచ్ అరిచాడట. ఆ పిల్ల వదల్లేదు. సుద్దముక్క విరిగినట్టు చప్పుడైందట.

కబురు అందగానే ఆసుపత్రికి నేనూ వెళ్లాను.

“ముందే తట్టి చావొచ్చు కదే!” తల్లి కసిరింది.

“రెండు దాకా వచ్చానమ్మా.”

“మూడు దాకా ఆగమన్నాను గానీ, చెయ్యి ఊడేదాకా ఆగమన్నానా?” కోచ్ గొణిగాడు.

“ఆ ముక్కేదో ముందే చెప్పి ఏడవాల్సింది సార్!” తల్లి ఆయన మీదికి తిరిగింది.

మోచేయి ఇక పూర్తిగా చాచడం కుదరదనీ, ఆట మరిచిపొమ్మనీ డాక్టరు చెప్పాడు. స్థానం దర్జీ కూతురికి దక్కింది. పోటీలకు బయల్దేరే ముందు ఉడుము ఇంటికి వచ్చి, లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడింది.

“నువ్వు తట్టలేదక్కా...”

“అవునే. తప్పు నీది కాదులే. రేపు బరువు తూస్తారు, నీళ్లు చూసుకుని తాగు.”

ఆమె వెళ్లాక ఉడుము గోడవైపు తిరిగి చాలాసేపు పడుకుంది. తర్వాత నన్ను పిలిచింది.

“మాస్టారూ, కోచ్‌గారికి ఒక ఉత్తరం రాసిపెట్టండి. ‘ఇక రాను’ అని.”

“కారణం రాయొద్దూ?”

“ఆయనకి తెలుసు.”

నాకు అలవాటైన గౌరవవాచకాలేవీ లేకుండా ఆ ఒక్క వాక్యమే రాశాను. కుడిచేతికి కట్టు ఉంది కనుక కింద ఎడమచేత్తో సంతకం చేసింది. అక్షరాలు వంకర్లు పోయి గీత దాటాయి. మళ్లీ రాయమనడానికి నాకు నోరు రాలేదు.