మేము చూడని తొమ్మిది

పోయినవన్నీ ముందే చెబుతాను. ఫ్రాన్స్‌లో ఏడు పాత కెథడ్రల్స్, రెండు మఠాలు. వాటిని కలిపే పదకొండు రైళ్లు. రియాద్‌లో మా రెండు గదుల కాపురం, అమ్మాయి బడి. నా భార్యకు ఇచ్చిన ఒక్క మాట.

కాంక్రీటుకు అచ్చుచెక్కలు బిగించే షట్టరింగ్ పనికి రియాద్ వచ్చిన నేను, కొలతలూ లెక్కలూ చూసి చూసి నేర్చుకుని అదే కంపెనీలో ఎస్టిమేటర్‌నయ్యాను. ఆ కెథడ్రల్స్‌లో ఇనుము లేకుండా అంత రాయి అంత ఎత్తున ఎలా నిలబడిందో దగ్గర నిలబడి చూడాలని నా ఆశ. కరీంనగర్‌లో మిషనరీ బడిలో చదివిన నా భార్యకు, రంగుటద్దాల వెలుగు నేల మీద పడితే చాలు. ఆరేళ్లు ఆ రెండు గదుల్లోనే గడిపింది. దానికి బదులు ఈ తొమ్మిదీ చూపిస్తానని మాటిచ్చాను.

ఒకరోజు నాష్టా దగ్గర రెండు పొడుగాటి సమోలి రొట్టెలను ఒకదానికొకటి ఆనించి, కెథడ్రల్ కమాను ఎలా ఉంటుందో చూపించబోయాను. జారిపోయాయి. ఆమె ఒకపక్క పచ్చడి సీసా, ఇంకోపక్క చక్కెర డబ్బా జరిపింది. నిలబడ్డాయి. అక్కడ గోడల బయట కట్టిన ఊత కమానులు చేసే పని సరిగ్గా అదే.

"గింతేనా? దీనికి గన్ని దినాలు లెక్కలు గట్టినవా?" అంది.

తర్వాత మాలాంటి వలసవాళ్ల కుటుంబాల మీద సౌదీ ప్రభుత్వం లెవీ, అంటే తలపన్ను, వేసింది. తలకింత, నెలకింత, ఏడాదిదంతా ఒకేసారి కట్టాలి, ఏటేటా పెరుగుతుంది. దాచిన డబ్బు తరిగేకొద్దీ మా లిస్టులో తొమ్మిది అయిదయ్యాయి, రెండయ్యాయి, ఒకటయింది. ఆ ఒక్కటీ అద్దాలు ఎక్కువున్నదే ఉంచమంది.

"ఒక్కటైతే ఒక్కటే. పొద్దుగూకేదాక ఆడనే కూసుందాం."

ఫ్రాన్స్ వీసాకు మా ఇఖామాలు, అంటే సౌదీ నివాస కార్డులు, చెల్లుబాటులో ఉండాలి. ప్రయాణానికి దాచిన దాంట్లోంచే తల్లీకూతుళ్లిద్దరి లెవీ కట్టాను. నా ఇఖామా కంపెనీ పొడిగించాలి. కంపెనీలో చాలినంతమంది సౌదీలు లేరట. సౌదీ ఉద్యోగుల కోటా చూసే నితాఖత్ లెక్కలో ఎరుపులో పడింది. ఎరుపులో ఉన్నవాళ్లకు పొడిగింపు లేదు. మా కాగితాలు తిప్పే మందూబ్‌ను ఎప్పుడడిగినా గావా కాఫీ పోసి, 'బుక్రా', అంటే రేపు, అనేవాడు. రైలు ఆలస్యమైతే ఏంచేయాలో కూడా లెక్కేసుకున్నవాణ్ణి. కంపెనీలో ఎంతమంది సౌదీలున్నారో ఆ ఒక్క అంకె మాకెవరూ చెప్పలేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కట్టిన లెవీ ఎదురుచూసిన నెలలకే సరిపోయింది, మళ్లీ కట్టడానికి ఏమీ మిగల్లేదు. తల్లీకూతుళ్లు ఇక తిరిగి రాకుండా ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికి వెళ్లిపోయారు. నేను వేరే కంపెనీకి మారి, బ్యాచిలర్ గదిలో చేరాను.

సెలవులో ఇంటికి వచ్చినప్పుడు నా భార్యను మెదక్ చర్చికి తీసుకెళ్లాను. అదీ గోతిక్ కట్టడమే. రంగుల వెలుగు ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి జరిగేదాకా కూర్చుంది.

"దీన్ని లెక్కల రాసుకుంటవా?" అంది.

"ఇది ఆ లిస్టుల లేదు."

"నీ మొండితనానికి దండం," అని నవ్వింది.

మెదక్‌ను ఒకటిగా కొట్టేసి, ఇంకా ఎనిమిది అని రాసుకున్నా ఆమె ఒప్పుకునేది. మాట ఇచ్చింది తొమ్మిదికి. ఇప్పటికీ బాకీ తొమ్మిదే.