సైకిలు పిడిలో చీటీ

ముందే చెప్పేస్తున్నాను: ఇందులో ఒక సంత జనమంతా చూస్తుండగా నా పరువు పోతుంది. వేరే ఎవరికీ ఆ శ్రమ లేకుండా, నేనే కేకేసి అందరినీ పిలిచి, దగ్గరుండి తీయించుకున్నాను.

తొంభై ఆరో, తొంభై ఏడో. మదనపల్లె నుంచి వచ్చి పుంగనూరులో ఒక హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేరి రెండు నెలలైంది. మీసం ఇంకా సరిగ్గా రాలేదు గానీ, గాంభీర్యం మాత్రం హెడ్మాస్టరుకు అరువిచ్చేంత ఉండేది. నాన్న కొనిచ్చిన నల్ల సైకిలెక్కి బడికి పోతుంటే, ఊరు నన్నే చూస్తోందని నా నమ్మకం.

మా వీధి మొదట్లో మునెప్ప పంచర్ల అంగడి. ఒకప్పుడు ఆయన వృత్తి సైకిళ్లు దొంగిలించడం. కుప్పంలో ఎత్తింది వి.కోటలో, వి.కోటలో ఎత్తింది పుంగనూరులో అమ్మేవాడట. తర్వాత మానేసి, ఆ సైకిళ్లకే పంచర్లు వేస్తూ బతుకుతున్నాడు. పాత సంగతి దాచేవాడు కాదు. మనం రిటైరైన ఉద్యోగం గురించి చెప్పుకున్నట్టే చెప్పుకునేవాడు.

ఒకరోజు నా సైకిలుకు నూనె వేస్తూ అన్నాడు: "సార్, ఈ తాళాన్ని నమ్మినారంటే మునిగినట్టే. నేను మూడు తాళంచెవులతో పదేండ్లు బతికినా."

"మరి ఏం చెయ్యమంటావు మునెప్పా?"

"పోయేదాన్ని ఆపలేం సార్. దొరికినప్పుడు నాదేనని సూపించుకోవాల గదా? హ్యాండిలుకుండే ఈ రబ్బరు పిడి పీకి, మీ పేరు రాసిన చీటీ సుట్టి గొట్టంలో దూర్చండి. మళ్లా పిడి తొడిగేయండి. దొంగనాకొడుకులు రంగు మారుస్తారు, సీటు మారుస్తారు. పిడి లోపల ఎవుడూ సూడడు. నేనే యాపొద్దూ సూడలా."

మా స్కూలు తెలుగు పండితుడికి ఈ మాట చెబితే నొసలు చిట్లించాడు. "దొంగ చేతికి తాళాలివ్వడం విన్నాను గానీ, దొంగ దగ్గర పాఠం చెప్పించుకునేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా. వాడి మాటేం మాటయ్యా?"

"జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి పోతాం గదా సార్" అన్నాను ఠీవిగా. ఆ సాయంత్రమే చీటీ రాసి దూర్చాను. పేరు, ఊరు, చేసిన డిగ్రీ, వచ్చిన క్లాసు. దొంగకైనా తెలియాలి గదా, ఎవరి సైకిలో!

ఆ వారమే సంతకు పోయి, కూరగాయలు తెచ్చుకున్నాను. మర్నాటి నుంచి నా సైకిలు గుర్రమైపోయింది. మోగని బెల్లు మోగింది. పడని బ్రేకు పడింది. ఇచ్చిన సంఖ్యలు సరిచూసుకోకుండా జవాబు రాసేసే మొద్దు పిల్లలను రోజూ తిట్టే నేను, ఇదంతా నూనె మహిమ అని తేల్చేసి, తిన్నగా అంగడికి పోయాను.

"మునెప్పా, నువ్వు నూనె వేసినప్పట్నించి సైకిలు బలే పోతాండాదబ్బా!"

మునెప్ప సైకిలును చూశాడు. నన్ను చూశాడు. "పోతాది సార్" అని తల వంచి ట్యూబు రుద్దుకున్నాడు.

మళ్లీ సంత వచ్చింది. టమాటా గంపల మధ్య సైకిలు నడిపించుకుపోతుంటే, తలపాగా చుట్టుకున్న ఒక పెద్దాయన వెనక నుంచి క్యారియరు పట్టుకున్నాడు.

"నాయనా, ఈ సైకిలు నాది."

"నీదా? ఎండ దెబ్బేమన్నా తగిలిందా పెద్దాయనా?"

"పోయిన సంతలో పోయింది నాయనా. ఈ బెల్లు నా మనవడు ఏయించింది."

బుద్ధున్నవాడైతే ఇక్కడ ఒక్క క్షణం ఆగి బెల్లు చూస్తాడు. నేను గొంతు పెంచాను. "నలుగురూ రండప్పా! న్యాయం ఈడనే తేలాల!"

నలుగురు కాదు, నలభై మంది వచ్చారు. అందులో సగం మంది నా క్లాసు పిల్లల తండ్రులు.

"ఈ సైకిలు ఎవురిదో సైకిలే చెప్తాది. పిడి పీకండి. లోపల పేరుంటాది. ఆ పేరు ఎవురిదైతే సైకిలు వాళ్లది. రెండోవాడు దొంగ!"

పెద్దాయన ఏదో చెప్పబోయాడు.

"నువ్వు మాట్లాడొద్దు! ముందు పిడి!"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే ఎవడో భుజాలు తడుముకున్నాడట. నేను గుమ్మడికాయ భుజాన పెట్టుకునే, దొంగ ఎవడని సంతంతా అడుగుతున్నాను.

ఒక హమాలీ పిడి పీకాడు. చీటీ రాలింది. "గట్టిగా సదువప్పా, అందరికీ ఇనపడాల" అన్నాను.

"చెంగారెడ్డి. చిన్నగుట్టపల్లె."

"ఇంకోసారి సదువు."

"ఎన్నిసార్లు సదివినా చెంగారెడ్డే సార్."

"అదే చెప్పబోతిని" అన్నాడు పెద్దాయన నెమ్మదిగా. "మునెప్ప చెప్తే నేనూ పెట్టినా."

జనంలోంచి ఎవరో, "ఈయన మా వాడి లెక్కల సారప్పా!" అన్నారు. "తీసివేతలు బాగా నేర్పిస్తాండాడే!" అని ఇంకొకరు. "స్టేషనుకు పదండి" అని మూడో గొంతు.

స్టేషను మెట్లెక్కితే రేపటికి ఉద్యోగం ఉండదు. మదనపల్లెలో నాన్న తలెత్తుకోలేడు. చెంగారెడ్డి నా మొహం చూసి జాలిపడ్డట్టున్నాడు. "ముందు మునెప్పను అడుగుదాం" అన్నాడు. అలా నా ఉద్యోగం ఒక పాత దొంగ నాలుక మీదికి చేరింది. ముందు నేను, వెనక సైకిలు, దాని వెనక సంత.

మునెప్ప అంతా విన్నాడు.

"నలుగురిని పిలిసింది ఎవురు?"

"ఈయనే!"

"పిడి పీకమన్నది?"

"ఈయనే!"

"రెండోవాడు దొంగ అనింది?"

"అదీ ఈయనే!"

మునెప్ప కళ్లు తుడుచుకునేదాకా నవ్వాడు. "అప్పా, ఈ పని గురించి నాకంటే మీకు తెలుసునా? దొంగ అరవడు. ఈ సారుకు సైకిలు ఎత్తే తెలివి యాడుండాది? రెండూ నల్లవే, తాళంచెవి సరిపోయింది, సూసుకోకుండా ఎక్కి వచ్చేసినాడు." లోపలికి పోయి గోనెపట్టా కింది నుంచి నా సైకిలు తెచ్చి, దాని పిడి కూడా పీకాడు. హమాలీ నా చీటీ డిగ్రీతో సహా చదివాడు. జనం ఈలలు వేశారు. చెంగారెడ్డి నా భుజం తట్టి, "వారం తొక్కినా శుభ్రంగా తుడిసి పెట్టినావు నాయనా" అని తన సైకిలెక్కి వెళ్లిపోయాడు.

ఆ క్షణంలో మునెప్ప కాళ్లు మొక్కమన్నా మొక్కేవాణ్ణి. కాస్త ఊపిరి తిరిగాక అడిగాను: "అది సరే గానీ, వారంగా నా సైకిలు నీ దగ్గరే ఉంటే ఒక్క మాట చెప్పకపోతివే?"

మునెప్ప నేల చూపులు చూశాడు.

"సంత అయిపోయినాక ఒంటిగా నిలబడుండాది సార్. పిడి పీకి సూస్తే మీ పేరు. తెల్లారి ఇద్దామని తెచ్చినా. తెల్లారి మీరేమో ఇంకో సైకిలెక్కి, బలే పోతాండాదని నవ్వుకుంటా వస్తిరి."

"అయితే?"

"సారు కూడా మొదులుపెట్టినాడు అనుకుంటి."

నేను నా సైకిలు పిడి తీసుకుని మళ్లీ హ్యాండిలుకు తొడగసాగాను.

"మొగం మీద అడిగితే నొచ్చుకుంటారని గమ్మునుండా. నన్నయినా ఎవురూ చెప్పి మాన్పించలా సార్, నాకు నేనే మానుకుంటి. మీరు సదువుకున్నోరు, ఇంకా బిరీన మానుకుంటారులే అనుకుంటి."

మారిన దొంగ మాట నమ్మొచ్చా అని ఎవరైనా అడిగితే, నిక్షేపంగా నమ్మమంటాను. జాగ్రత్తంతా లెక్కల మాస్టార్లతోనే. ఆనాడు ఆ అంగడి ముందు, గ్రీజు డబ్బా మీద చెయ్యేసి ఒక ఘోర ప్రతిజ్ఞ చేశాను, ఈనాటికీ తప్పలేదు: వస్తువు ఎంత నాదైనా సరే, నలుగురినీ పిలిచే ముందు, ఒక్కణ్ణే పక్కకు పోయి పిడి పీకి చూసుకుంటాను.