కోపంలోనూ బదులు పలికే ఇల్లు

మొన్న మా వీధిలోకి పరుపులు కుట్టేవాళ్ళు వచ్చారు. మిషను పెట్టి పాత దూది ఏకుతుంటే, ఎండకి వేడెక్కిన ఆ దూది వాసన మా వాకిట్లోకి కొట్టింది. వినుకొండ దగ్గర ఊరు మాది, ఈ రోజుల్లో మిరపకాయల ఘాటు తప్ప ఇంకో వాసన ముక్కుకి తగలదు. చేతిలో చీపురు అట్టాగే పట్టుకుని నిలబడిపోయా. చీరాలలో మా పుట్టింటి పక్కనుండే కాశింబీ పిన్ని కొంగు సరిగ్గా ఈ వాసనే వేసేది.

మీరెవరూ ఆవిణ్ణి చూసుండరు. పొట్టి మనిషి, నవ్విందంటే ఒళ్ళంతా కదిలేది. వాళ్ళాయన మస్తాన్ బాబాయి పరుపులు కుట్టేవాడు. పిన్ని పక్కన కూర్చుని దూది సర్దేది, జుట్టునిండా పింజలే. వాళ్ళు సాయిబులు, కానీ ఇంట్లో మాట్లాడేది మా తెలుగే. మా ఇంట్లో మగ్గం, వాళ్ళింట్లో దూది, మధ్యలో నడుమెత్తు గోడ. బళ్ళో కంటే ఆ గోడ మీదే ఎక్కువ కూర్చున్నానని, పదో తరగతితో ఆగిపోయింది అందుకేనని మా అమ్మ ఇప్పటికీ అంటుంది.

మా ఇంట్లో పలకరింపులంటూ ఉండేవి కావు. నాన్న వచ్చినట్టు చెప్పుల చప్పుడుతోనే తెలిసేది. కోపమొస్తే అమ్మా నాన్నా వారాల తరబడి మాటలు మానేసేవాళ్ళు. మీ నాన్నకి మజ్జిగ కావాలేమో అడుగు అని అమ్మ నాతో అనేది, ఆయన ఎదురుగానే కూర్చునుండేవాడు. ఆ రోజుల్లో నాకు అన్నం దిగేది కాదు. గోడ దూకేసేదాన్ని.

వాళ్ళింట్లో ఎవరు లోపలికొచ్చినా గడపలోనే సలాం చెప్పాల్సిందే. వచ్చినవాళ్ళు ముందు చెప్పాలి, లోపలున్నవాళ్ళు బదులివ్వాలి. బాబాయి ఉయ్యాల్లో ఉన్న మనవరాలికి కూడా చెప్పేవాడు. దానికేం తెలుసని చెప్తాడు పిన్నీ అని నవ్వితే, "దానికి తెలియకపోతే ఏం, మాకు తెలుసు గదే" అనేది.

ఓసారి ఇద్దరికీ పెద్ద గొడవైంది. కూతురి పరుపుకని పిన్ని దాచిపెట్టిన మేలురకం దూదిని బాబాయి అడక్కుండా ఎవరి పరుపులోనో కూరేశాడు. వీధంతా వినపడేట్టు తిట్టింది. ఆయన విసురుగా వెళ్ళిపోయాడు. ఇంక వీళ్ళిల్లు కూడా మా ఇల్లులాగా అయిపోద్దని నాకు ఒకటే దడ. పొద్దుగూకే వేళకి వచ్చి, గడపలో నిలబడి, మెల్లిగా సలాం చెప్పాడు. పిన్ని మొహం గోడవైపే ఉంది, చేతిలో సూది ఆగలేదు. కానీ బదులిచ్చింది. ఇచ్చి, తిట్లు ఎక్కడ ఆపిందో అక్కణ్ణించి మళ్ళీ మొదలెట్టింది.

అంత కోపంలో ఎట్టా పలికావని తర్వాత అడిగా.

"సలామంటే నువ్వు చల్లగా ఉండాలని. కోపమొచ్చిందని ఆయన చల్లగా ఉండొద్దంటానా, పిచ్చిదానా?"

పెళ్ళయి ఇక్కడికొస్తే, ఈ ఇల్లూ మా పుట్టిల్లు లాగే ఉంది. మా ఆయన మంచోడే, నోట్లోంచి మాట రావాలంటే మాత్రం గగనం. నేను ఊరుకుంటానా? వచ్చేవాళ్ళు గడపలో "వచ్చా" అనాలి, లోపలివాళ్ళు పలకాలి అని పట్టుబట్టా. సాయిబుల పద్ధతులు మనకెందుకే అని అత్తయ్య సణిగింది. మాట మన తెలుగుదే కదత్తయ్యా అన్నా. కొన్నాళ్ళకి గేదెని తోలుకొస్తా వీధిలోంచే "వచ్చానే" అని కేకేసేది ఆవిడే. నేను పలకడం ఆలస్యమైతే, "ఏమే, నోట్లో ఏం పెట్టుకున్నావు?" అనేది.

పోయినేడు మిరప కోతల్లో పిన్ని పోయింది. అమ్మ పొద్దున్నే మా ఆయనకి ఫోన్ చేసి చెప్పిందంట. మబ్బు పట్టి ఉంది, కల్లంలో కాయ ఆరబోసి ఉంది, తడిస్తే మా ఏడాది కష్టమంతా పోయినట్టే. ఆయన నాకు చెప్పలా. కాయ మీద పట్టాలు కప్పడం అయ్యాక సాయంత్రం చెప్పాడు. వాళ్ళల్లో ఆలస్యం చెయ్యరు. అప్పటికే మట్టి చేసేశారు. ఆఖరిచూపు కూడా లేకుండా పోయింది నాకు. ఏడుపు రాలా. అన్నం పెట్టా, మంచినీళ్ళు పెట్టా, నోరు మాత్రం తెరవలా.

మర్నాడు చీకటి పడబోతుండగా ఆయన చేలోంచి వచ్చాడు. చెప్పులు విప్పిన చప్పుడైంది. తర్వాత ఏమీ లేదు. అత్తయ్య దీపానికి వత్తి చేస్తున్నదల్లా ఆపి నా వైపు చూసింది.

"వచ్చా," అన్నాడు.

పలక్కపోతే తెలిసొచ్చేది ఆయనకి, నేనేం పోగొట్టుకున్నానో. పలకొద్దనే ఉంది నాకు. ఒట్టు, అంత కోపం ఎప్పుడూ రాలేదు. గోడవైపు తిరిగే, "రండి" అన్నా. అంతే, అప్పుడు తన్నుకొచ్చింది ఏడుపు. ఆమె నాకెవరో నీకు తెలియదా, కాయ పోతే మళ్ళీ పండుద్ది, ఆ మొహం మళ్ళీ ఎక్కడ చూడను అని ఎంతమాట వస్తే అంతమాట అన్నా. ఆయన గడపలోనే నిలబడి అంతా విన్నాడు.

"నాదే తప్పు. పొద్దున్నే పోదాం పద," అన్నాడు.

చీరాలలో బాబాయి ఒక్కడే ఉన్నాడు, కూతురు బజారుకెళ్ళింది. మేం కూర్చున్నాక లేచి బోరింగు దగ్గర్నించి నీళ్ళు తెచ్చాడు. లోపలికొస్తా, ఎవరూ లేని వంటగది వైపు తిరిగి సలాం చెప్పాడు. మా ఆయన నా మొహం చూశాడు. "ఇంట్లో ఎవరూ లేకపోయినా చెప్పాలమ్మా మాలో," అన్నాడు బాబాయి.

ఈమధ్య అత్తయ్యా, మా ఆయనా చేలోనే ఉండి నేనొక్కదాన్నే ముందు ఇంటికొస్తే, తాళం తీసి "వచ్చా" అంటున్నా. అని, వెంటనే లోపలికి పోను. కాసేపు గడపలోనే నిలబడతా.